పారేయమన్న టికెట్

“ఆ బియ్యం ఈడ్నే వెట్టిపో,” అంది బుచ్చమ్మ కోడలితో. ఈ మాట అనడం ఇది మూడోసారి.

మంజుల నడుముకు కట్టిన మూట ఇంకా విప్పనే లేదు. పసుపు కలిపిన ఐదు సేర్ల బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ. తల్లి సవారమ్మ గద్వాల దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. పెద్దమందడిలోని ఈ వియ్యాలవారింట్లో ముత్తయిదువలను కూర్చోబెట్టి, తన చేత్తో కూతురికి ఒడిబియ్యం పోసింది. పోసిన చెయ్యి ఇంకా పసుపుగానే ఉంది.

“అదేం మాట వదినా?” అంది సవారమ్మ. “ఒడిబియ్యం పోసేది ఈడ వెట్టిపోనీకెనా? నా బిడ్డ కొత్తగ కాపురం వెట్టే ఇంట్ల వండాలె. నలుగురు ముత్తైదువలకు వెట్టి తాను తినాలె. గంతే గద పద్ధతి!”

“పద్ధతి నాకు తెల్వదా? ఇమానపోళ్లకు తెల్వదు. చేతి సంచి ఏడు కిలోలే రానిస్తరంట. ఇంకేం లేదంట.”

“ఏడు కిలోలు బట్టలకే సాలవు గద!”

“నన్నడుగుతవేంది? టికెట్ కొన్నది నీ అల్లుడు. పొయ్యి ఆయన్నడుగు.”

ఏడు కిలోలు! ఎనిమిదేళ్లు ఎదురుచూసిన పెళ్లాన్ని ఏడు కిలోల్లో సర్దుకుని రమ్మన్న మొగుణ్ని ఏమనాలో మీరే చెప్పండి. అందులోనూ సగం బరువు మంజులది కాదు. మస్కట్‌లోనే ఉండే ఆడబిడ్డ వనజ కారప్పొడి అడిగింది, పల్లీలు అడిగింది, జొన్నపిండి అడిగింది. అవన్నీ కట్టాక మంజులకు రెండు చీరలు, మూడు డ్రెస్సులు పట్టాయి. తక్కినవి వద్దులే అనుకుంది. మనిషి దగ్గరికి పోతున్నాను, చీరలదేముంది అనుకుంది.

మస్కట్‌లో ఏసీలు బాగుచేసే ఆ మొగుడు జగదీశ్‌ను ఊళ్లో ఎవరూ పిసినారి అనరు. హుషారైనోడు అంటారు. దుబాయి పోయేవాడు, కువైట్ పోయేవాడు టికెట్ కొనే ముందు ఆయనకు ఫోన్ చేస్తాడు. పండుగల ముందు కొనొద్దంటాడు. వారం మధ్యలో పొమ్మంటాడు. నేరుగా పోయే విమానం కన్నా మధ్యలో దిగి ఎక్కేది చవకంటాడు. పెద్ద సామాను కట్టొద్దు, చేతి సంచితో పోతే సగం మిగులుతుందంటాడు. ఇద్దరికి కలిపి అడిగితే ఇద్దరికీ ఎక్కువ ధర వేస్తారు, ఒక్కొక్కరికి విడిగా కొనుక్కోమంటాడు. అట్లా విడివిడిగానే మంజులకు ఒకటి, కూతురు శ్రుతికి ఒకటి కొన్నాడు. నా మొగుడి తెలివి ఎవరికీ రాదని మంజుల తను పనిచేసే దుకాణంలో మురిసిపోయేది.

ఆ దుకాణం ఉద్యోగమూ పోయిన వారమే మానేసింది. వనపర్తిలో బట్టల దుకాణంలో చీరలు చూపించే పని. మళ్లీ ఎప్పుడొస్తావని సేటు అడిగితే నవ్వి, ఇగ రాను, ఆడనే ఉంట అని చెప్పి వచ్చింది. శ్రుతిని బడి మాన్పించింది. ఈసారి పోవడం చూసి రావడానికి కాదు. మొగుడూ పెళ్లామూ బిడ్డా ఒక ఇంట్లో, ఒక పొయ్యి మీద వండుకుని తినడానికి.

“అమ్మా, కొట్లాడకుండ్రి,” అన్నాడు నాగార్జున. మంజుల తమ్ముడు. కొత్తకోటలో లారీల మెకానిక్. చేతి గోళ్లలో నల్లటి గ్రీజు ఎన్ని పండుగలొచ్చినా పోదు. “సామాను బరువు ఇప్పుడు గూడ కొనుక్కోవచ్చు. ఫోన్లనే అయితది. పైసలు నేను కడ్త. అక్క బియ్యం అక్కతోనే పోతయి.”

సవారమ్మ ముఖం విప్పారింది. “మా నాయన! గట్ల చెయ్యి.”

బుచ్చమ్మ మాత్రం చేతిలోని చాట కింద పెట్టింది. “ఎందుకురా ఉత్తగ పైసలు దండుగ? మీ బావకు తెలిస్తే కోప్పడ్తడు.”

“కోప్పడనియ్యి అత్తమ్మా. నా పైసలే గద!”

“వద్దంటున్న గద! ఆ టికెట్ల జోలికి పోకు.”

ఆ గొంతు అంత గట్టిగా ఎందుకు లేచిందో ఎవరికీ అర్థం కాలేదు. వాకిట్లో ఆడుకుంటున్న శ్రుతి కూడా ఒక్క క్షణం ఆగి లోపలికి చూసి, మళ్లీ ఆటలో పడింది. నాగార్జున అప్పటికే అక్క ఫోన్లో టికెట్ ఫొటో చూసి, నంబరు తన ఫోన్లో కొట్టేస్తున్నాడు.

“అక్కా, పోయేటప్పటికి ఎన్ని కిలోలు కొందాం? పది సాలునా?”

“సాలు.”

“వచ్చేటప్పటికి ఇదివరకే ఉన్నది. నలభై కిలోలు.”

మంజుల మూట సర్దుకుంటూ ఆగింది. “వచ్చేటిదేందిరా?”

“వాపసు టికెట్. వచ్చే నెలది. మస్కట్ నుంచి హైదరాబాద్.”

“నాకు పంపిన ఫొటోల గదేం లేదే!”

“ఫొటోల మొదటి పేజే ఉన్నది అక్కా. ఇండ్ల రెండు దిక్కులున్నయి. సూడు.”

చూసింది. తన పేరే. తను వచ్చే నెల తిరిగొస్తున్నట్టు ఆ ఫోన్‌కు తెలుసు, తనకు తెలియదు.

“దానికింత పరేషానెందుకే?” అంది బుచ్చమ్మ వెంటనే. “పోనీకె ఒక్కదానికి కొంటె ఎక్కువైతదంట. పోను రాను కలిపి కొంటె సస్తా పడ్తదంట. గందుకే కొన్నడు.”

మంజుల అత్త వైపు తిరిగింది. ఫోన్ మోగితే ఏ పక్క నొక్కాలో తెలియక మనవరాలిని కేకేసే మనిషి బుచ్చమ్మ. ఆమెకు విమానం ధరల లెక్క ఎక్కడిది?

“నీకెవరు చెప్పిండ్రు అత్తమ్మా?”

“జగదీశే.”

“ఎప్పుడు?”

“ఎప్పుడో చెప్పిండు. అన్ని యాదికుంటయా నాకు?”

“నాకు చెప్పలేదే!”

బుచ్చమ్మ చాట తీసుకుని చెరిగిన బియ్యాన్నే మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

మంజుల మొగుడికి ఫోన్ కలిపింది. అందరూ వినేటట్టు పెట్టింది. దాచుకోవాల్సిన మాటలేం లేవని ఆమె నమ్మకం.

జగదీశ్ పకపకా నవ్వాడు. “అరే పిచ్చిదానా! గిదా నీ పరేషాన్? ఒక్క దిక్కుకు కొంటె ఎక్కువ జెప్పిండ్రు. రెండు దిక్కులకు తక్కువుండె. రెండు దిక్కులది తీస్కొని వచ్చేది పారేసుడే. ఈడ మావోళ్లందరు గట్లనే చేస్తరు.”

“పారేసుడేనా?”

“పారేసుడే. చింపి అవతల పారెయ్యి. ఇగ సరేనా?”

మంజుల గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వింది. సవారమ్మ కూడా నవ్వేసింది. అల్లుడు ఎంత లెక్కగలవాడో అని ఒడిబియ్యానికి వచ్చిన పక్కింటామెతో అంది. ఇల్లంతా ఒక్కసారి తేలికపడింది.

“మరి బావా,” అన్నాడు నాగార్జున ఫోన్ దగ్గరికి వంగి, “పారేసే దానికి నలభై కిలోల సామాను ఎందుకు కొన్నవు?”

అవతల ఏదో మిషను తిరుగుతున్న చప్పుడు.

“గది... ఆఫర్ల వచ్చింది. ఊకెనే వస్తె వద్దంటమా? సరే, నాకు డ్యూటీ ఉన్నది. పెట్టేస్తున్న.”

ఫోన్ ఆగిపోయింది. ఆఫరంటే ఆఫరే అయి ఉంటుంది, చవగ్గా వచ్చేది వదిలే మనిషి కాదు కదా అనుకుంది మంజుల. అనుకోవాలనే అనుకుంది. ఎనిమిదేళ్లుగా ఒక గొంతును ఫోన్లో నమ్మి బతికిన మనిషికి ఆ గొంతును అనుమానించడం అంత సులువు కాదు. అయినా లోపల ఎక్కడో చిన్న ముల్లు మాత్రం దిగింది.

“అక్కా, నీ దాంట్ల బరువు కొంటె ఎక్కువ పడ్తున్నది,” అన్నాడు నాగార్జున. “పాప దాంట్ల తక్కువుంటదేమో సూస్త. ఆ నంబరు చెప్పు.”

“పాపదెందుకు?” బుచ్చమ్మ లేచి నిలబడింది. చాటలోని బియ్యం ఒళ్లోంచి నేల మీదికి జారాయి. “ఒరే, చెప్తుంటె ఇనవా? ఎయిర్‌పోర్టుకు బండొచ్చే యాల్లైంది. అన్నం తిని బయలెల్లుండ్రి.”

“నంబరు కొడ్తె ఏమైతది అత్తమ్మా?” అంది మంజుల.

“ఏంగాదు. ఏంగాదు గని, వద్దు.”

ఏం కాకపోతే వద్దనడం ఎందుకు? మంజుల ఫోన్లో శ్రుతి టికెట్ ఫొటో తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. అత్త ముఖం వైపే చూస్తూ పెట్టింది. బుచ్చమ్మ ఆ చూపు తట్టుకోలేక, కింద పడిన బియ్యం ఏరడానికి వంగింది.

నాగార్జున నంబరు కొట్టాడు. తెర మీద వేలితో పైకీ కిందికీ జరిపాడు. మళ్లీ మొదటికి పోయి చూశాడు.

“ఏమైందిరా?”

“ఏం లేదక్కా. ఆగు.”

“చెప్పు.”

“పాపకు... వాపసు లేదక్కా. పోయేది ఒక్కటే ఉన్నది.”

 పక్కింటామె అత్తాకోడళ్ల ముఖాలు చూసి, పొయ్యి మీద పాలున్నాయంటూ మెల్లగా జారుకుంది.

రెండు దిక్కులకు కొంటే తక్కువ. ఒక్క దిక్కుకు కొంటే ఎక్కువ. ఇది మొగుడు ఇప్పుడే నవ్వుతూ చెప్పిన లెక్క. మరి అదే రోజు, అదే విమానంలో, కూతురికి ఎక్కువ పెట్టి ఒక్క దిక్కు టికెట్ ఎందుకు కొన్నాడు? నాలుగు పైసలు మిగుల్తాయంటే రెండు విమానాలు మారి, ఏదో ఎయిర్‌పోర్టులో కుర్చీ మీద కూర్చోమన్న మనిషి! విడివిడిగా కొంటే చవక అన్నాడు. చేతి సంచితో వస్తే చవక అన్నాడు. వాపసుతో తీసుకుంటే చవక అన్నాడు. ఎంత ముద్దుగా చెప్పాడు! ఆ చవక మాటల కింద తన బిడ్డను ఒక దిక్కుకు, తనను ఒక దిక్కుకు విడదీసి పెట్టాడని మంజులకు ఇప్పుడు తెలిసింది.  

“ఫోన్ ఇటియ్యి,” అని తమ్ముడి చేతిలోంచి తీసుకుని మొగుడికి కలిపింది.

జగదీశ్ ఎత్తలేదు. మళ్లీ కలిపింది. ఎత్తలేదు. అట్లా కలుపుతూనే ఉంది. ఆఖరికి ఎత్తాడు.

“చెప్పిన గదనే, డ్యూటీల ఉన్ననని!”

“శ్రుతికి వాపసు టికెట్ ఏది?”

“...దానికెందుకు?”

“నాకెందుకు మరి?”

“మంజులా, గివన్ని ఫోన్ల మాట్లాడే ముచ్చట్లు గావు. ముందు నువ్వు రా. వచ్చినంక కూసొని మాట్లాడుకుందం.”

“నా వీసా ఏం వీసా?”

“వీసా వీసానే.”

“నేనేం వీసా అని అడిగిన. పాపదేం వీసా?”

ఆ మిషను చప్పుడు మళ్లీ వినిపించింది. దాని వెనక ఆడమనిషి గొంతు, ఎవరది అని అడుగుతున్నట్టు. వనజ గొంతే. డ్యూటీలో ఉన్నానన్న మనిషి అక్క ఇంట్లో ఉన్నాడు.

“నీది సూసిపోయే వీసా,” అన్నాడు జగదీశ్ చాలా చిన్నగా. “పాపది ఉండేది.”

మంజుల  ఫోన్‌ను తమ్ముడికి ఇచ్చేసింది. నాగార్జున “బావా! ఏంది బావా గిది?” అని అరుస్తూనే ఉన్నాడు. అవతల ఎప్పుడో పెట్టేశాడు.

“అత్తమ్మా,” అంది మంజుల. “నీకు ముందుగాల్నే ఎర్క.”

బుచ్చమ్మ కింది బియ్యం గింజలు ఏరుతూనే ఉంది.

“నాతోని కారం దంచిపిచ్చినవు. శ్రుతి బట్టలు నీ చేత్తోని మడతవెట్టినవు. నిన్న నా తలకు నూనె వెట్టినవు. నీకు ఎర్క.”

“ఎర్కనే!” బుచ్చమ్మ ఒక్కసారిగా తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “అయితె ఏంది? నేనేమన్న నీ బిడ్డను బావిల తొయ్యమంటున్ననా? వనజ దగ్గర ఉంటది. సొంత మేనత్త. పెండ్లయి పన్నెండేండ్లు. తిరగని దవాఖాన లేదు. దాని అత్తగారోళ్లు ఇంకో పిల్లను సూస్తున్నరు. ఎర్కనా నీకు? నా బిడ్డను గొడ్రాలని ఇంట్లకెల్లి ఎల్లగొడ్తమంటున్నరు!”

“గందుకు నా బిడ్డను తీస్కుంటరా?”

“తీస్కునుడేంది? పెంచుకుంటది. ఆడ మంచి బడిల చదువుతది. ఏసీల పంటది. ఈడ ఏమున్నదే దానికి?”

“నేనున్న!”

“నువ్వింకా పడుసుదానివి. ఇంకొకర్ని కనలేవా?”

సవారమ్మ దిగ్గున లేచింది. “థూ! ఆడిదానివేనా నువ్వు? కోడిపిల్లనా ఒకదాన్ని ఇచ్చి ఇంకొకదాన్ని పొదిగించుకోనీకె?”

“నన్నంటవేంది వదినా? నీ బిడ్డనైతె ఏం చేస్తుంటివి? నీ బిడ్డ గట్ల ఏడుస్తుంటె సూసుకుంట కూసుంటుంటివా?”

“ఊర్లోళ్ల బిడ్డను దొంగతనంగ మాత్రం తేకపోదును!”

“దొంగతనమా? నా కొడుకు బిడ్డ అది!”

మంజుల ఈ కొట్లాటలో లేదు. ఆమె ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. “మరి నన్నెందుకు రమ్మన్నరు?” అని అడిగింది. “పిల్లనొక్కదాన్నే పట్టుకపోవచ్చు గద?”

బుచ్చమ్మ గొంతు తగ్గింది. “నువ్వు లేకపోతె అది పోదు గద. ఒక్కపూట గూడ నిన్ను ఇడిసి ఉండదు. నెల దినాలు నువ్వు ఆడుంటె పిల్లకు ఇల్లు అలవాటైతది. అయినంక నువ్వు జర అటిటు సూసుకొని వచ్చేస్తవని... వచ్చేటప్పుడు వనజ నీకు దుప్పట్లు, మిక్సీ, ఇంట్లకు ఏం గావాల్నో అన్ని కొనిస్తనన్నది. నలభై కిలోలు గందుకే.”

బిడ్డను ఇచ్చి మిక్సీ తెచ్చుకోవడం! మంజుల ఏడ్వాలనుకుంది. ఏడుపు రాలేదు. దుకాణంలో తోటివాళ్లతో చెప్పిన మాటలన్నీ చెవుల్లో మోగాయి. మా ఆయన పిలిచిండు. ఇగ ఆడనే ఉంట. సిగ్గుతో ఆమె ఒళ్లు మండింది. మోసం చేసినవాళ్లకు లేని సిగ్గు మోసపోయినవాళ్లకు ఎందుకో తెలియదు కానీ, అట్లాగే ఉంటుంది.

“నాగార్జునా, నేను పోను,” అంది. “శ్రుతి పోదు. బండిని రావద్దని చెప్పు. మనింటికి పోదం.”

“పద అక్కా.”

“ఎట్ల పోతవ్? టికెట్ల పైసలు ఎవరు కడ్తరు?” అంది బుచ్చమ్మ.

“పారెయ్యమను. పారేసుడు నీ కొడుక్కు బాగ తెల్సు.”

మంజుల నడుము మూటను ఒక చేత్తో పట్టుకుని బయటి అరుగు మీదికి వచ్చింది. అక్కడ మామ బయన్న కూర్చుని ఉన్నాడు. లోపల ఇంత గొడవ జరుగుతున్నా ఆయన లోపలికి రాలేదు. ఎప్పుడూ రాడు. నోట్లో నాలుక లేని మనిషి అంటారు ఊళ్లో. కానీ ఆ ఇంట్లో మంజులకు దిక్కు ఎవరంటే ఆయనే. శ్రుతికి జ్వరమొస్తే భుజాన వేసుకుని వనపర్తి దవాఖానకు పరుగెత్తింది ఆయన. దుకాణం నుంచి ఆలస్యమైతే బస్టాండులో టార్చిలైటు పట్టుకుని నిలబడింది ఆయన. కొడుకు కన్నా నువ్వే నయం బిడ్డా అని ఎన్నోసార్లు అన్నాడు. పాస్‌పోర్టులు వచ్చిన రోజున ఇవి పోతే మళ్లీ రావని భయపడి, మంజులే వాటిని ఆయన చేతికిచ్చింది.

“మామా, ఇన్నవ్ గద అంత?”

బయన్న తల ఊపాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

“నాకెవ్వరు చెప్పలే మామా. నీకు గూడ ఇప్పుడే తెలిసిందా?”

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మంజుల దానిని జవాబుగానే తీసుకుంది. పాపం, ఈయనను కూడా మోసం చేశారు అనుకుంది.

“నేను మా అమ్మోళ్లింటికి పోత. పాస్‌పోర్టులు ఇయ్యి. రెండు ఇయ్యి.”

వెనక నుంచి బుచ్చమ్మ కేక వినిపించింది. “ఇయ్యకు! చెప్తున్న, ఇయ్యకు!”

బయన్న భార్య వైపు చూడలేదు. అంగీ జేబు గుండీ తీశాడు. రెండు పాస్‌పోర్టులూ బయటికి తీసి, ఒకటి తెరిచి, ఫొటోను కళ్లకు దగ్గరగా పట్టుకుని చూశాడు. మంజుల చెయ్యి చాపి నిలబడింది. ఆ మసకబారిన కళ్లను చూస్తే ఆమెకు ఆయన మీద జాలి కూడా కలిగింది.

“ఇగో బిడ్డా,” అన్నాడు.

చేతిలో పడింది ఒక్కటే. మంజుల తెరిచి చూసింది. అందులో ఉన్నది తన ఫొటో.

“మామా, పాపది?”

బయన్న రెండోదాన్ని జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు. “నా బిడ్డ వనజ ఉరేసుకుంటనన్నది మంజులా,” అన్నాడు. ఆమె ముఖంలోకి చూడకుండా అరుగు దిగాడు. “నువ్వొస్తె రా. రాకపోతె పిల్లను నేను పట్టుకపోయి ఎక్కిస్త. జగదీశ్ ముందుగాల్నే చెప్పిండు, తోడు తీస్కపోనీకె ఎయిర్‌పోర్టుల ఒక మనిషున్నడంట.”

సందు మలుపులో బండి హారన్ మోగింది. మంజుల పిలిచేలోపే ఆయన వాకిట్లో ఆడుకుంటున్న శ్రుతిని ఎత్తుకున్నాడు. తాత ఎత్తుకున్నాడని పాప సంతోషంగా ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది.